కరకట్ట మీద పార

ఎమ్మెర్‌జీల్
జనవరి, రెండో ఆదివారం

ఫ్రౌకెకు,

మెన్నో మునిగిపోయాడని రాశావు. తప్పు. మునిగిపోదామని బయల్దేరిన మనిషి ముందు తన పార కడిగి, తుప్పు గీకి, పిడికి నూనె పట్టించి, కరకట్ట మీద నిటారుగా దిగేసి పోడు. మీ అన్న అలా చేశాడు. పార కడగరా అంటే ఏనాడూ కడగనివాడు చేశాడు. కాబట్టి వాడు చావడానికి వెళ్లలేదు, వదులుకుని వెళ్లాడు. రెండింటికీ తేడా ఉంది. ప్రస్తుతం నేను ఆ తేడా మీదే బతుకుతున్నాను. దయచేసి దాన్ని చెరపకు.

విచారణకు వచ్చిన కానిస్టేబులుకూ ఇదే చెప్పాను. దక్షిణాన కొండల్లో పుట్టినవాడు పాపం, నీళ్లంటే బావిలో ఉంటాయనుకుంటాడు. ఎవరి వంతు కట్ట వాళ్లే కాపాడుకున్న రోజుల్లో, ఇక నా వల్ల కాదనుకున్నవాడు తన వంతు మీద పార దిగేసి ఊరు విడిచేవాడని, ఆ పార పీకినవాడిదే భూమి, ఇల్లు, కట్ట బరువు అన్నీ అని వివరించాను. ఇప్పుడది చట్టం కాదు కదా బామ్మా అన్నాడు. కాదు నిజమే. ఇప్పుడు కట్టలు చూసే సంఘం ఉంది, ఇంజనీర్లున్నారు, లారీలున్నాయి. అయినా కొత్త సంవత్సరం నాటి నుంచి ఊళ్లో ఒక్కడు ఆ పారను ముట్టుకోలేదు. కట్ట మీద ఆడుకునే పిల్లలు కూడా చుట్టూ తిరిగి పోతున్నారు. చట్టం అంటే అంతకంటే ఏమిటో నాకు తెలియదు.

నవంబరు సంగతి నీకు తెలిసిందే. కానీ ఊళ్లో రోజుకో రకంగా చెప్పుకుంటున్నారు, సరైనది ఒక్కచోటైనా ఉండాలి. గొర్రె కొరకాలి, గొర్రె తొక్కాలి, అప్పుడే కట్ట గట్టిపడుతుంది. ఇది మనం ఉగ్గుపాలతో నేర్చుకున్నదే. అయితే అది ఎండలున్నన్నాళ్లే నిజం. వానల్లో అదే గిట్ట కట్టకు గునపం అవుతుంది. అక్టోబరులో దింపేయాల్సిన మందను మెన్నో నవంబరు దాకా కట్ట మీదే ఉంచాడు, లోపలి బీళ్లన్నీ నీళ్లలో ఉన్నాయని. ఇంకో వారం, ఇంకో వారం అన్నాడు. పచ్చిక చితికి బురదయింది. ఉప్పెన వచ్చిన తెల్లవారుజామున కట్ట ఆ చితికిన చోటే తెగింది. ఆ చోటుకు సరిగ్గా కింద హార్మ్ ఇల్లు. హార్మ్ ఆవుల కట్లు విప్పడానికి వెళ్లాడు. ఆవులు బయటికొచ్చాయి.

హార్మ్‌ను వెతికి మోసుకొచ్చి అతని భార్య గేషె గుమ్మంలో దించింది మెన్నోనే. ఆవిడ మొగుణ్ని చూసింది గానీ వీణ్ని చూడలేదు. ఆ రోజు నుంచి వీడు ఎవరితోనూ మాట్లాడలేదు, నాతో సహా. నాతో మాట్లాడకుండా ఒకే కొంపలో ఉండటం ఎంత కష్టమో నీకు తెలుసు.

కట్ట పెద్ద ఫోల్కెర్ట్ వచ్చి, వసంతంలో తనిఖీ నాటికి ఆ పార అక్కడ ఉండకూడదని మర్యాదగానే చెప్పి వెళ్లాడు. అప్పటిదాకా రోజూ వెళ్లి చూసి వస్తాను. నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదు, నేను వాటిని అడగడం లేదు.

నీ నానమ్మ,
టాల్కె


బ్రెమర్‌హాఫెన్
జనవరి చివర

నానమ్మకు,

నీ ఉత్తరం చేపల వేలం ఆఫీసులో అందరి ముందే చదివి ఏడ్చాను. ఆ పార గురించి నువ్వలా రాస్తుంటే నాకు భయమేస్తోంది. తూము జాలీకి అన్నయ్య టోపీ చిక్కుకుని దొరికిందని నువ్వు రాయలేదు. ఫోల్కెర్ట్ గారి అమ్మాయి రాసింది. ఎందుకు దాచావు?

ఇక్కడ రేవులో ఒక పలక ఉంటుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాళ్ల ఆనవాళ్లు దాని మీద అంటిస్తారు. ఎత్తు, జుట్టు రంగు, వేసుకున్న చొక్కా. పనికి వెళ్లేముందు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చదువుతున్నాను. నీలం గీతల చొక్కా అని ఉంటే చాలు, మళ్లీ మొదటినుంచి చదువుతాను. ఇంకెన్నాళ్లు చదవను? నాన్న యుద్ధం నుంచి రాలేదని తెలియడానికి మూడేళ్లు పట్టింది, ఆ మూడేళ్లూ బల్ల మీద ఆయన కంచం పెడుతూనే ఉన్నావు. మళ్లీ అది చూడలేను.

గుడిలో పోయినవాళ్ల పేర్లతో అన్నయ్య పేరు చదివిద్దాం. చదివించి నువ్వు ఇక్కడికి వచ్చేయ్. నా గది చిన్నదే, కానీ కిటికీలోంచి ఓడలు కనబడతాయి. గేషె ముఖం చూస్తూ ఆ ఊళ్లో ఎలా ఉంటావు?

నీ
ఫ్రౌకె


ఎమ్మెర్‌జీల్
ఫిబ్రవరి

ఫ్రౌకెకు,

టోపీ వాడిది కాదని నేను అనలేదు. వాడిదే, నేనే అల్లాను, ఎడమ చెవి దగ్గర తప్పిన కుట్టు కూడా నాదే. ఈ ఊళ్లో గాలికి టోపీ పోవడానికి మనిషి పోనక్కర్లేదు. పొయ్యి మీద ఆరేశాను. ఎన్నిసార్లు ఉతికినా ఉప్పు తెల్లగా తేలుతూనే ఉంది. నీకు రాయకపోవడానికి కారణం అదే, రాస్తే నేను కూడా నమ్మేస్తానేమోనని. ఇప్పుడు నీకు తెలిసింది కాబట్టి ఇద్దరం మోద్దాం.

గుడిలో పేరు చదివించను. కొత్త పాదిరి గారు వచ్చి మృదువుగా అదే అడిగారు. మీకు పుణ్యం ఉంటుంది, బతికున్నవాళ్లతో మొదలుపెట్టండి, గేషెను పలకరించి రండి అన్నాను. ఆయనకు ధైర్యం చాలలేదు. నేనే వెళ్లాను.

ఆ ఇంట్లో నీళ్లు నిలిచిన గీత గోడ మీద నా భుజం ఎత్తున ఉంది. గేషె తలుపు తీసింది, కూర్చోమంది, కప్పులు పెట్టింది. మనుషులు ఎంత పగలో ఉన్నా ఈ నేల మీద టీ పోయకుండా పంపరు. పటికబెల్లం ముక్క వేసింది, టీ పోసింది, ముక్క చిటపటమంది. మీగడ అంచున వదిలింది. మాట లేదు. మొదటి కప్పు అయింది. రెండోది పోసింది. అదీ తాగాను. కప్పు ముందుకు జరిపాను. గేషె కెటిల్‌ను కుంపటి మీదనుంచి తీసి, మూత పెట్టి, బీరువాలో పెట్టేసింది.

మూడు కప్పులు మన హక్కు. దొంగకైనా మూడు పోస్తారు. నా జన్మలో రెండు కప్పులతో లేచిన ఇల్లు అదొక్కటే. చెంచా కప్పులో పెట్టి, మొయిన్ అని సెలవు చెప్పి వచ్చేశాను. దారిలో ఏడ్చానని నువ్వు అనుకుంటావు. ఎదురుగాలి, కళ్లలోంచి నీళ్లు వాటంతటవే వస్తాయి.

నీ దగ్గరికి రాను. నేను లేచి వస్తే ఆ పార దగ్గర ఎవరుంటారు?

టాల్కె


బ్రెమర్‌హాఫెన్
మార్చి

నానమ్మకు,

పని ఎక్కువగా ఉంది, అందుకే ఆలస్యం. గుడిలో పేరు సంగతి నువ్వన్నట్టే ఆపు, తొందరేముంది.

నాకు కాస్త మన టీ పంపుతావా? పెద్ద పటికబెల్లం ముక్కలు కూడా. ఇక్కడివి చిన్నవి, పోయగానే కరిగిపోతాయి. ఎందుకో ఉన్నట్టుండి తాగాలనిపిస్తోంది.

పార ఇంకా అక్కడే ఉందా? ఎవరూ ముట్టుకోలేదు కదా?

ఫ్రౌకె


ఎమ్మెర్‌జీల్
మార్చి చివర

ఫ్రౌకెకు,

టీ పంపుతున్నాను. పట్నం వెళ్లిన మొదటి ఏడాదే మన టీని గడ్డి కడిగిన నీళ్లని, కాఫీకి మారిన పిల్లవి. మనిషి మారవచ్చు. నేను చదువుకున్నదాన్ని, ప్రతిదానికీ కారణం అడగను.

పార అక్కడే ఉంది. ఉండేది ఇంకెన్నాళ్లో తెలియదు. తనిఖీ మే నెల మొదట్లోనట. జిల్లా నుంచి ఇంజనీర్లు కూడా వస్తారు. పచ్చికలో ఇనుము దిగితే దాని వెంట నీరు దిగుతుంది, పైగా మొన్న తెగి పూడ్చిన చోటు, అని ఫోల్కెర్ట్ అంటాడు. అన్నది నిజమే, అందుకే నాకు ఒళ్లు మండింది. ఆ రోజుకు ఎవరూ తీయకపోతే తన కూలీల చేత పీకిస్తానన్నాడు.

ఒక ఇనప ముక్క పోతే ఏమవుతుందని నీకు అనిపించవచ్చు. ఎక్కడో ఒకచోట ఉన్న ఒకడు, దాన్ని పరాయి చెయ్యి పీకేసిందని వింటాడు. ఇక తనకు చోటు లేదనుకుంటాడు. మిగిలి ఉన్న ఆ ఒక్క ముడీ తెగాక వాడు ఏం చేస్తాడో నేను ఆలోచించను, ఆలోచిస్తే ఆ టోపీ గుర్తొస్తుంది.

నిన్న నేనే పీకుదామని పిడి పట్టుకున్నాను కూడా. పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పీకితే భూమి తిరిగి నాదవుతుంది. కొడుకు పోయాక మనవడికిచ్చిన దాన్ని, మనవడు కూడా లేడని ఊరందరి ముందు వెనక్కి తీసుకున్నట్టవుతుంది. చెయ్యి వదిలేశాను. కింద బీడులో గొర్రెలు నా వైపు చూస్తున్నాయి. ఈ ఏడాది గొర్రెల అభిప్రాయం నాకు అక్కర్లేదు.

టాల్కె


బ్రెమర్‌హాఫెన్
ఏప్రిల్

నానమ్మకు,

టీ అయిపోయింది. ఇంకొంచెం పంపు.

నీకొక సంగతి చెప్పాలి. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ ఉంది. వాళ్ల అన్నయ్య కొన్నాళ్ల కింద చెప్పాపెట్టకుండా ఆవిడ గదికి వచ్చాడట. వచ్చేసరికి చొక్కా మీద ఎండిన బురద, కాళ్లకు పుళ్లు. తను ఇక్కడున్నట్టు ఇంట్లో ఒక్క మాట రాసినా ఆ రోజే వెళ్లిపోతానని ఒట్టు పెట్టించుకున్నాడు. ఎక్కడికి అంటే చెప్పడు. ఆవిడ అందుకే ఎవరికీ చెప్పలేదు. ఇంటి దగ్గర ఒక ముసలావిడ కుమిలిపోతోందని తెలిసి కూడా చెప్పలేదు. ఆవిడను తిట్టుకోకు.

ఆయన తిండి తినడు. గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. టీ ఒక్కటే తాగుతాడు. రాత్రింబవళ్లు చేతులు రుద్దుకుంటూ ఉంటాడు, బురద అంటినట్టు. పోటు వచ్చే వేళకు లేచి రేవు అంచుకు వెళ్లి నిలబడతాడు. ఆవిడ పని వదిలేసి పరుగెత్తుకెళ్లి పక్కన నిలబడుతుంది. ఇప్పటికి రెండుసార్లు జీతం కోశారు. ఆవిడకు ఇక ఏం చేయాలో తెలియడం లేదు నానమ్మా. నువ్వు పెద్దదానివి, చదువుకున్నదానివి. ఆవిడ ఏం చేయాలి?

ఫ్రౌకె


ఎమ్మెర్‌జీల్
ఏప్రిల్, ఉత్తరం అందిన రోజే

ఫ్రౌకెకు,

మీ ఆఫీసులో ఆవిడను నేనెందుకు తిడతాను? ఆవిడ మీద నాకు ఎంత గౌరవం ఉందో చెప్పడానికి మాటలు చాలక ఒక కాగితం తడిపి, ఇంకోటి తీసుకున్నాను.

ఆవిడకు చెప్పు. తినమని బతిమాలొద్దు, ప్రశ్నలు అడగొద్దు. టీ పెట్టి, చెంచా కప్పులో పెట్టేదాకా పోస్తూనే ఉండమను. మన వైపు పెరిగిన మనిషి ఇక చాలనుకుంటే చెంచా కప్పులో పెడతాడు. పెట్టనంతకాలం వాడికి ఇంకా కావాలనే. అది నోటితో చెప్పేదానికంటే నమ్మదగ్గ జవాబు.

టీ పంపుతున్నాను. నీ కప్పు పగిలిందని రాశావు కదా, దానికి బదులు ఒకటి కూడా చుట్టి పంపుతున్నాను. నువ్వు రాయలేదంటావా? అయితే నా వయసు అలాంటిది.

టాల్కె


బ్రెమర్‌హాఫెన్
ఏప్రిల్ చివర

నానమ్మకు,

గులాబీ కప్పు చేరింది. చెవి విరిగి అతికించిన మచ్చతో సహా. ఆ ఆవిడ దాన్ని వాళ్ల అన్నయ్య ముందు పెట్టింది. ఆయన చూశాడు. వేలితో ఆ అతుకు తడిమాడు. నానమ్మకు తెలుసా అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదని ఆవిడ అంది. అబద్ధం కాదు కదా. ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఆ పగలంతా వెతికింది నానమ్మా. రేవులో, ఐసు మిల్లులో, కట్టిపడేసిన పడవల్లో. ఆ పలక దగ్గరికి మాత్రం వెళ్లలేదు. చివరికి కొత్తగా కడుతున్న రేవు గోడ దగ్గర దొరికాడు. రాళ్ల సందుల్లో బంకమట్టి కూరుతున్న పనివాళ్లను చూస్తూ నిలబడ్డాడు. తప్పు పెడుతున్నారు, అలా పెడితే కొట్టుకుపోతుంది అన్నాడు. తర్వాత ఒక్క మాట అడిగాడు. ఒకడి వల్ల ఇంట్లో మనిషి పోయిన ఆడమనిషి ఎలా ఉంటుంది అని. ఆవిడ జవాబు నిన్ను అడగమంది. నీ దగ్గర ఉందా?

మొన్న ఐదు కప్పులు తాగాడు. చెంచా పెట్టలేదు.

ఫ్రౌకె


ఎమ్మెర్‌జీల్
మే

ఫ్రౌకెకు,

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఉన్నవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లాను. గేషె వాకిట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. పిలవకుండానే పక్కన కూర్చుని నేనూ ఒలవడం మొదలుపెట్టాను. ఏదో ఊళ్లో ఎవడో ఒకడు, తన వల్ల మనిషిని పోగొట్టుకున్న ఒక ఆడది ఎలా ఉందని అడుగుతున్నాడట అన్నాను. గేషె మూర్ఖురాలు కాదు. చేతులు ఆగాయి. బతికున్నాడా అనలేదు. మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. గిన్నె నిండేదాకా కూర్చుని వచ్చేశాను. ఇంకేం జరగలేదు. ఆ తర్వాత వారం రోజులు నాకు కంటి మీద కునుకు లేదు. నోరు జారి మా పిల్లవాడి మీదికి పోలీసునో, పగనో తోలానేమోనని.

నిన్న తనిఖీ అయింది. ఊరంతా కట్ట వెంబడి నడిచింది, ఎప్పటిలాగే ముందు ఫోల్కెర్ట్, వెనక ఇంజనీర్లు, వాళ్ల వెనక తమ కట్టలాంటి కట్ట ఈ తీరంలోనే లేదని చెప్పుకునే ముసలాళ్లు. మన వంతు దగ్గరికి వచ్చారు. పార చుట్టూ గడ్డి మొలిచింది, పిడి మాత్రం నేను రోజూ తుడవబట్టి మెరుస్తోంది. చిన్న ఇంజనీరు ఒకడు, ఇదేమిటి, ఎవరో మర్చిపోయినట్టున్నారు అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఫోల్కెర్ట్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఫ్రౌకె, నేను నోరులేనిదాన్నని ఎవరైనా అంటే నమ్ముతావా? నిన్న నా దగ్గర ఒక్క మాట లేదు. కూలీ ఒకడు అరచేతులు రుద్దుకుంటూ ముందుకొచ్చాడు.

అప్పుడు గేషె వచ్చింది. నల్లబట్టల్లోనే ఉంది, చేతుల్లో ఇంకా రొయ్యల వాసన. కూలీని పక్కకు నెట్టి పార పిడి మీద చెయ్యి వేసింది. ఆవిడకు హక్కు ఉందని ప్రతివాడికీ తెలుసు. పీకితే మన భూమి, మన ఇల్లు ఆవిడవే, అడిగేవాడు లేడు. అడగడానికి నాకూ నోరు రాదు.

"నేను పీకను," అంది. "పీకితే వాడి భూమి నాకొస్తుంది. చౌడు పట్టిన భూమి నా దగ్గరే బోలెడుంది, ఇంకా ఎందుకు? నా మొగుడు పోయింది వాడి గొర్రెల వల్ల. అది నేను మర్చిపోను, వాడూ మర్చిపోనక్కర్లేదు. అయితే గుర్తుపెట్టుకునేవాడు ఇక్కడ ఉండి గుర్తుపెట్టుకోవాలి. పక్కన హార్మ్ వంతు ఖాళీగా పడి ఉంది, దాన్ని చూసే మగదిక్కు లేదు. వాడి పార వాడే వచ్చి పీక్కోవాలి. పీక్కుని రెండు వంతులూ చూడాలి. అప్పటిదాకా దీని మీద చెయ్యేసిన వాడి చెయ్యి నేను నరుకుతాను."

ఇంజనీరు ఏదో చట్టం అనబోయాడు. ఫోల్కెర్ట్ గొంతు సవరించుకుని, బాబూ మీరు చూస్తున్నది పార కాదు, హద్దు కొయ్య, శరత్కాలపు తనిఖీ దాకా ఉంటుంది, చుట్టూ మట్టి దిమ్మిస కొట్టించండి అన్నాడు. అందరూ ముందుకు నడిచారు. వాళ్ల తాతకు ఉన్నంత బుద్ధి ఫోల్కెర్ట్‌కూ ఉందని నేను ఒప్పుకుంటున్నాను. ఈ మాట మాత్రం వాళ్లమ్మాయికి రాయకు.

సాయంత్రం గేషె ఇంటికి వెళ్లాను. పోసింది. రెండో కప్పు అయ్యాక నేనే లేవబోయాను, అవమానం రెండోసారి ఎందుకని. కూర్చో టాల్కె పిన్నీ అంది. మూడోది పోసింది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. మీగడ కాస్త పులిసింది. తాగాను.

కాబట్టి మీ ఆఫీసులో ఆవిడ అన్నయ్యకు ఆ జవాబు చెప్పమను. ఆ ఆడమనిషి ఎలా ఉందంటే, కోపంగా ఉంది, మనిషి సాయం లేక ఉంది. గడువు శరత్కాలం దాకానే. ఆ తర్వాత గాలివానలు వస్తాయి. ఆ కట్టకు ఆవల ఏముందో వాడికి నేను చెప్పనక్కర్లేదు.

ఇక నువ్వు చేయాల్సిన పని. చితికిన చోట ఈ నెలలోనే గడ్డి చల్లాలి, లేకపోతే వేళ్లు పట్టవు. ఇక్కడ విత్తనం ఉప్పెనకు మొలకెత్తి చెడింది. మీ స్టేషను వెనక విత్తనాల కొట్టు ఉంది కదా, ఉప్పుకు తట్టుకునే కట్ట గడ్డి, అందులో తెల్ల క్లోవరు మొక్క గింజ కలిపింది, పెద్ద బస్తా తీసుకో. చిన్నది తీసుకోకు, రెండు వంతులకు కావాలి. గింజ పిడికిట్లో తీసి ఊది చూడు, పొట్టు లేస్తే వద్దను. రైలు సామానులో వేయకు, తడిపి పంపుతారు. చేత్తోనే తీసుకురావాలి. అంత బస్తా నువ్వు ఒక్కదానివి మోయలేవు, ఎవరినైనా భుజం పట్టమను. శనివారం మధ్యాహ్నం బస్సు ఎక్కి తూము దగ్గర దిగండి, ఊరి నడిమధ్యలో కాదు, అక్కడినుంచి కట్ట మీదుగా నడిస్తే మన వంతు మీదుగానే ఇంటికి రావచ్చు. ఆ గులాబీ కప్పు పాత బట్టలో చుట్టి తీసుకురా, సెట్టులో దాని చోటు ఖాళీగా ఉంది. దారిలో బస్తాను ఎక్కడా నేల మీద దించనివ్వకు, మట్టి ఇంకా తడిగానే ఉంది.

టాల్కె